అట్లాంటిక్ కన్వేయర్ ఏ బల్ల మీద పెట్టాలి: యుద్ధ నౌకలదా, సరుకు ఓడలదా?

పెరంబూరు మోడలర్:
వచ్చే నెల మన చెన్నై ఓడల మోడళ్ళ ప్రదర్శనకు నా అట్లాంటిక్ కన్వేయర్ మోడల్ దాదాపు సిద్ధం. 1/350 స్కేల్. కిట్ కాదు, మొత్తం స్టైరీన్ ప్లాస్టిక్ షీట్ కోసి కట్టిందే. అసలు ఓడ 212 మీటర్లు, నాది 60 సెంటీమీటర్ల పైచిలుకు. తెలియనివాళ్ళకు: ఇది బ్రిటిష్ కంపెనీ కునార్డ్ వాళ్ళ కంటైనర్ ఓడ. 1982లో అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ దీవుల యుద్ధానికి బ్రిటన్ ప్రభుత్వం తీసుకుని, హారియర్ యుద్ధ విమానాలు, హెలికాప్టర్లు మోసేలా డెవన్‌పోర్ట్ నేవీ డాక్‌యార్డ్‌లో హడావుడిగా మార్చింది. నిర్వాహకులు యుద్ధ నౌకల బల్ల మీద చోటిచ్చారు. ఒక పెద్దాయన అది తప్పంటున్నారు. మీరేమంటారు?

ఇంజన్ రూమ్:
ఆ పెద్దాయన్ని నేనే. ఇక్కడే చెబుతాను. ఆ ఓడ మీద ఆయుధాల్లేవు. క్షిపణిని దారి మళ్ళించే చాఫ్ కూడా లేదు. ఆయుధం లేనిది యుద్ధ నౌక ఎలా అవుతుంది బాబూ?

పెరంబూరు మోడలర్:
సార్, 14 హారియర్లు మోసింది. 8 నౌకాదళపు సీ హారియర్లు, 6 వాయుసేన జీఆర్3 హారియర్లు. అవి సరుకా?

ఇంజన్ రూమ్:
అవును, సరుకే. మోసుకెళ్ళి వేరే ఓడలకు అప్పగించింది.

స్టైరీన్ పిచ్చి:
అన్నా, కంటైనర్లు 3డీ ప్రింటా?

పెరంబూరు మోడలర్:
లేదు తమ్ముడూ. 20 అడుగుల కంటైనర్ ఈ స్కేల్‌లో 17 మిల్లీమీటర్ల పొడవు, 7 వెడల్పు. ఒక్కొక్కటీ కోసి, గోడల మీద గాట్లు సూదితో గీశాను. సముద్రపు నీళ్ళు విమానాల మీద పడకుండా డెక్‌కు రెండువైపులా వాటినే గోడలా పేర్చారు కదా, ఆ గోడ సరిగ్గా రాకపోతే ఇది మామూలు కంటైనర్ ఓడలాగే కనిపిస్తుంది. హారియర్లకు ఉప్పు తగలకుండా తొడిగిన ప్లాస్టిక్ ముసుగుల కోసం టిష్యూ కాగితం మీద నీళ్ళు కలిపిన ఫెవికాల్ రాశాను. ఆరాక ముడతలు వాటంతటవే వచ్చాయి. మూడుసార్లు చించేసి మళ్ళీ చేశాను.

నెల్లూరు టు చెన్నై:
మీ డెక్ మీద హారియర్లు ఉన్నాయంటే అది మే మొదట్లో ఓడ. క్షిపణులు తగిలింది మే 25న, అప్పటికి హారియర్లు వెళ్ళిపోయాయి. బల్ల సంగతి తర్వాత, ముందు తేదీ రాయండి.

పెరంబూరు మోడలర్:
తేదీ రాస్తాను. కానీ అడిగింది అది కాదు.

డెక్‌మేట్:
అమెరికా ఆల్గోల్ తరగతి సంగతీ ఇదే. సీ-ల్యాండ్ కంపెనీ ఎస్‌ఎల్-7 కంటైనర్ ఓడలు ఎనిమిదింటిని కొని, ట్యాంకులు తోలుకుంటూ ఎక్కించేలా మార్చారు. 33 నాట్ల వేగంతో పోయేవి. పేరుకు ముందు ఉండేది యుద్ధ నౌకలకు రాసే యూఎస్‌ఎస్ కాదు, యూఎస్‌ఎన్‌ఎస్. అంటే సివిలియన్ సిబ్బంది. నేను 1/700లో కడుతున్నాను, అదే 41 సెంటీమీటర్లు వస్తోంది. ఈ ఓడలకు వేరే బల్ల వేస్తే మేలు.

పెరంబూరు మోడలర్:
వేరే బల్ల అంటే మూల బల్ల. నిరుడు ఒకచోట నా టగ్ (పెద్ద ఓడలను లాగే పడవ) మోడల్‌ని "ఇతరములు" అని రాసి ద్వారం పక్కన పెట్టారు. ఎనిమిది నెలల పని. జడ్జి వంగి కూడా చూడలేదు. వాణిజ్య నౌకల బల్ల దగ్గర ఎవరు ఆగుతారు? అందుకే అడుగుతున్నాను.

ఇంజన్ రూమ్:
చూశారా, అసలు కారణం ఇది. జనం ఆగాలి, అంతే. దానికోసం ఆ ఓడకు లేని యూనిఫాం తొడుగుతున్నారు.

పెరంబూరు మోడలర్:
అలా అనకండి సార్. రెండు ఎక్సోసెట్ క్షిపణులు తగిలాయి. 12 మంది చనిపోయారు. సైనికులను మోయాల్సిన చినూక్ హెలికాప్టర్లు మూడు కాలిపోతే, వాళ్ళు దీవుల రాజధాని స్టాన్లీ దాకా బరువులు మోసుకుంటూ నడిచారు. ఓడ కెప్టెన్ ఇయన్ నార్త్‌కు చనిపోయాక డీఎస్‌సీ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) ఇచ్చారు, అది నౌకాదళ పతకం. దీన్ని టీ పొడి మోసే ఓడల పక్కన పెట్టమంటారా?

ఇంజన్ రూమ్:
టీ పొడి మోసే ఓడలు. సరే. 1987లో నేను గల్ఫ్‌లో ఒక ట్యాంకర్ మీద ఫోర్త్ ఇంజనీర్‌ని. ఇరాన్, ఇరాక్ రెండూ ట్యాంకర్లను కొడుతున్న రోజులు. కింద ఇంజన్ రూమ్‌లో లైఫ్ జాకెట్ తొడుక్కుని వాచ్ డ్యూటీ చేసేవాళ్ళం. పైన ఏం వస్తుందో కింద మాకు తెలియదు. తండయార్‌పేటలో మా ఆవిడ రేడియో వార్తలు వింటూ అన్నం మానేసేది. తిరిగొచ్చాక కంపెనీ కాగితంలో రాసింది "మామూలు ప్రయాణం" అని. మాకు పతకం అక్కర్లేదు. కానీ సరుకు ఓడలో పనిచేసినవాళ్ళు సరుకు ఓడ వాళ్ళుగానే చచ్చిపోయారని ఎవరైనా ఒక్కరు చెప్పాలి. ఫాక్‌లాండ్స్‌లో పోయిన మర్చంట్ నేవీ వాళ్ళ పేర్లు లండన్ టవర్ హిల్‌లో, మర్చంట్ నావికుల స్మారకం దగ్గరే చెక్కారు. ఎందుకో ఆలోచించండి.

డెక్‌మేట్:
మన దగ్గరా ఉంది సార్. 1971 డిసెంబర్ యుద్ధంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు గూర్ఖా సైనికులను తీసుకెళ్ళింది విశ్వ విజయ్ అనే సరుకు ఓడే. దాని మోడల్ నేనెక్కడా చూడలేదు.

పెరంబూరు మోడలర్:
సార్, టీ పొడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ గల్ఫ్ సంగతి తెలియదు. కానీ నా మాట కూడా వినండి. వాణిజ్య బల్ల మీద పెడితే, ఆ 12 మంది ఏదో ప్రమాదంలో పోయారనుకుంటారు చూసేవాళ్ళు. యుద్ధంలో పోయారని తెలియాలి. నాకు కావాల్సింది అదే.

ఇంజన్ రూమ్:
యుద్ధ నౌకల బల్ల మీద పెడితే నేవీ వాళ్ళు పోయారనుకుంటారు. మనిద్దరికీ తేడా అక్కడే.

పెరంబూరు మోడలర్:
అవును. అక్కడే. బల్ల మాత్రం నేను మార్చను సార్.

ఇంజన్ రూమ్:
మార్చమని ఇక అడగను. మీరు పెట్టిన నాలుగో ఫొటో చూశాను. గోడ, ముసుగులు బాగా వచ్చాయి. లైఫ్‌బోట్లు మాత్రం, వాటిని దించే డేవిట్ చేతులకు తాళ్ళు లేకుండా గాల్లో ఉన్నాయి. ఆ తాళ్ళు కట్టండి. ఆదివారం తీసుకొస్తే దగ్గర కూర్చుని చూపిస్తాను.