యూకేలో మద్యం అమ్మడానికి పర్సనల్ లైసెన్స్: ఏ కౌన్సిల్‌కి పెట్టాలి?

స్లౌ వాసి
అందరికీ నమస్తే. రెడింగ్‌లో మా బావమరిది షాపు తీసుకున్నాడు, మందు అమ్మడానికి నన్ను పర్సనల్ లైసెన్స్ తీసుకోమంటున్నాడు. నేనుండేది స్లౌలో. ఏ కౌన్సిల్‌కి పెట్టాలి? పరీక్ష కష్టమా? ఫొటో వెనకాల సంతకం ఎవరితో పెట్టించాలి?

గోదారి గాలి
పరీక్ష గురించి టెన్షన్ వద్దండి, 40 ప్రశ్నల్లో 28 కరెక్టయితే పాస్. దెబ్బ తగిలేది డీబీఎస్ దగ్గర, అంటే మన మీద కేసులు, శిక్షలు ఉన్నాయో లేదో చూపే సర్టిఫికెట్. నేను అదే ముందు తెప్పించుకున్నాను, కోర్సుకి స్లాట్ దొరకలేదు, ఈలోగా పాప పుట్టింది, చివరికి అప్లికేషన్ పెట్టేసరికి సర్టిఫికెట్ వచ్చి నెల దాటి రెండు రోజులు. తిప్పి పంపేశారు. మళ్లీ డబ్బు కట్టాను. ముందు పరీక్ష రాయండి, డీబీఎస్ ఆఖర్న.

మూడు షాపులు
9 ఏళ్లుగా ఇదే వ్యాపారం, నా మాట వినండి. మీరు ఉండే ఊరి కౌన్సిల్‌కే పెట్టాలి, అంటే స్లౌ. ఫీజు 37 పౌండ్లు. ఇంకోటి, లైసెన్స్ ఉన్న మనిషి కౌంటర్లో లేకపోతే ఒక్క బీరు కూడా అమ్మకూడదు.

బర్మింగ్‌హామ్ బాబాయ్
చివరి మాట తప్పు. 2003 చట్టం ప్రకారం ప్రతి అమ్మకానికీ లైసెన్స్ ఉన్నవాళ్ల అనుమతి ఉండాలి, వాళ్లే నిలబడి అమ్మక్కర్లేదు. నేను లేనప్పుడు కుర్రాళ్లే అమ్ముతారు, ఎవరెవరికి అనుమతి ఇచ్చానో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఉంచాను.

మూడు షాపులు
కాగితాలు చూపిస్తే ఊరుకుంటారా? మా రెండో షాపులో ఆ ఒక్క కారణం మీదే రాత్రి 10కి అమ్మకం ఆపించారు. తెలియకుండా చెప్పి కొత్తవాళ్లని ముంచకండి.

బర్మింగ్‌హామ్ బాబాయ్
ముంచేది నేనా? మీ మాట నమ్మి రోజుకి 16 గంటలు కౌంటర్లోనే కూర్చుంటే ఆయన ఆరోగ్యం ఏం కాను?

పాలమూరు పిల్ల
అన్నా, ఇద్దరూ ఆగండి. చట్టంలో అలా లేదు గానీ కొన్ని షాపుల ప్రెమిసెస్ లైసెన్స్‌లో (మనిషికి కాదు, షాపుకి ఇచ్చేది) ఆ కండిషన్ విడిగా రాస్తారు. మీ రెండో షాపుది తీసి చదవండి, ఉండే ఉంటుంది.
స్లౌ అన్నా, అసలు విషయం మిమ్మల్ని ఎవరూ అడగలేదు. డీపీఎస్‌గా, అంటే ఆ షాపులో మందు అమ్మకానికి బాధ్యుడిగా కూడా మీ పేరే పెడుతున్నారా? నేను మానేసిన షాపులో ఏడాది పాటు నా పేరే ఉంది. అక్కడ 17 ఏళ్ల పిల్లాడికి సిగ్గులేకుండా వోడ్కా అమ్మారు, ఫోన్ నాకొచ్చింది. నేను వారం రోజులు నిద్రపోలేదు. డీపీఎస్‌గా ఉండనని మనమే కౌన్సిల్‌కి రాసి, 48 గంటల్లో ఓనర్‌కి నోటీసు ఇవ్వొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. బావమరిదైనా సరే, రోజూ వెళ్లని షాపుకి పేరు ఇవ్వకండి.

క్లైడ్ ఒడ్డు
10 ఏళ్లకి రెన్యువల్, మధ్యలో 5 ఏళ్లకి రిఫ్రెషర్ ట్రైనింగ్, ఈ సంగతి ఎవరూ చెప్పరేం? మా ఫ్రెండ్ రిఫ్రెషర్ మర్చిపోయి లైసెన్స్ పోగొట్టుకున్నాడు.

గోదారి గాలి
అది స్కాట్లండ్‌లో అండీ. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నుంచి రెన్యువలే లేదు. అడ్రస్ మారితే మాత్రం చెప్పాలి.

తెనాలి తమ్ముడు
37 పౌండ్లకే ఇంత చర్చా! 2024లో ఆంధ్రాలో 3,396 షాపులకి లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, తగలకపోతే తిరిగి రాదు. మా అన్న నాలుగు వేశాడు, ఒక్కటీ తగల్లేదు. ఇంట్లో ఇప్పటికీ ఆ మాటెత్తితే వదిన లేచి వెళ్లిపోతుంది.

స్లౌ వాసి
పాలమూరు చెల్లెమ్మా, డీపీఎస్ కూడా నేనే అన్నాడు, ఈ రాత్రికే మాట్లాడతాను. ఇంకొకటి, ముందే చెప్పాల్సింది. రెండేళ్ల కింద డ్రింక్ డ్రైవింగ్‌లో శిక్ష పడింది. రాయకపోతే ఏమవుతుంది?

బర్మింగ్‌హామ్ బాబాయ్
దాచకు బాబూ. డీబీఎస్‌లో ఎలాగూ వస్తుంది, అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. పోలీసులకి అభ్యంతరం చెప్పడానికి 14 రోజులుంటాయి. చెబితే హియరింగ్‌కి పిలుస్తారు, వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు.

స్లౌ వాసి
సరే బాబాయ్. ఫొటో సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గోదారి గాలి
నా ఫొటోకి మా పెద్దాడి స్కూల్ టీచర్ సంతకం పెట్టారు, ఒప్పుకున్నారు. రెండు ఫొటోలివ్వాలి, సంతకం ఒక్కదాని మీద చాలు.