ఆఫర్ ఇచ్చేదాకా నేరచరిత్ర అడగకూడదన్న చట్టం సబబేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఉద్యోగ దరఖాస్తు మొదటి పేజీలోనే "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా?" అని ఒక గడి ఉంటుంది. అవునని టిక్కు పెడితే చాలాచోట్ల ఆ కాగితం అక్కడితో సరి, మిగతా పేజీలు తిప్పేవాళ్లుండరు. అమెరికాలో హవాయి రాష్ట్రం 1998లోనే దీనికి అడ్డుకట్ట వేసింది. ముందు మనిషి పనికొస్తాడో లేదో చూసి ఉద్యోగం ఇస్తామని చెప్పాలి, ఆ తర్వాతే నేరచరిత్ర అడగాలి. కాలిఫోర్నియాలో 2018 నుంచి ఐదుగురు, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇదే పద్ధతి. ఇలాంటి హద్దు అన్నిచోట్లా ఉండాలంటాను. శిక్ష వేసేది కోర్టు. దాన్ని పొడిగించే అధికారం యజమానికి ఎవరిచ్చారు?

హెచ్.ఆర్. విభాగంలో పనిచేసేవారు:
అధికారం కాదండీ, బాధ్యత. రేపు ఆ ఉద్యోగి వల్ల ఎవరికైనా హాని జరిగితే కోర్టు మెట్లెక్కేది మేమే. "తెలుసుకునే వీలుండి ఎందుకు తెలుసుకోలేదు?" అని నిలదీస్తారు. మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లలోకి మనిషిని పంపేటప్పుడు ఆ కుటుంబానికి నేను ఏం జవాబు చెప్పాలి?

న్యాయశాస్త్ర విద్యార్థి:
మీ భయం నిజమే. కానీ నేరానికీ పనికీ సంబంధం ఉందా అన్నది అసలు ప్రశ్న. 1975లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చిన గ్రీన్ కేసు చూడండి. ఆయన యుద్ధానికి వెళ్లనని నిర్బంధ సైనిక సేవను కాదన్నందుకు జైలుకెళ్లిన మనిషి. అడిగిందేమో రైల్వే కంపెనీలో గుమాస్తా పని. చిన్న ట్రాఫిక్ తప్పులు తప్ప ఏ శిక్ష పడినా తీసుకోకూడదన్నది కంపెనీ నియమం. అలా గంపగుత్తగా తోసేయడం చెల్లదని కోర్టు చెప్పింది. నేరం ఎంత తీవ్రమైనది, ఎన్నేళ్లయింది, ఇప్పుడు చేయబోయే పని ఎలాంటిది, ఈ మూడూ చూడాలని అక్కడి నుంచే స్థిరపడింది. బ్రిటన్ మరో దారి పట్టింది. 1974 చట్టం ప్రకారం నిర్ణీత గడువు దాటాక చాలా శిక్షలు కాలం చెల్లినట్టే, అడిగినా చెప్పక్కర్లేదు. పిల్లలతో చేసే పనుల లాంటివాటికి మాత్రం మినహాయింపు ఉంది. అంటే హెచ్.ఆర్. గారు చెప్పిన ఇంటి సేవల్లాంటి పనుల గురించి ఆ చట్టమూ ఆలోచించింది.

నిర్దోషి చెల్లెలు:
మీరంతా శిక్ష పడినవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. మా అన్నయ్యకి ఏ శిక్షా పడలేదు, అసలు కేసే లేదు. కంపెనీ తెప్పించుకున్న నేరచరిత్ర రిపోర్టులోకి అదే పేరున్న ఇంకొకరి కేసు ఎక్కింది. కంపెనీ కారణం చెప్పలేదు, "ఎంపిక కాలేదు" అని ఒక్క ముక్క. నాలుగు నెలల తర్వాత తెలిసింది ఎందుకో. ఆ నాలుగు నెలలు తను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

న్యాయశాస్త్ర విద్యార్థి:
అమ్మా, చాలా బాధగా ఉంది. సరిగ్గా ఇందుకే అమెరికా ఫెడరల్ చట్టం ఒక మెట్టు పెట్టింది. బయటి ఏజెన్సీ రిపోర్టు చూసి వద్దనుకుంటే, వద్దనే ముందే దాని నకలు అభ్యర్థి చేతికివ్వాలి. తప్పుంటే చెప్పుకునే వ్యవధి దొరుకుతుంది. గడి తీసేయడం కన్నా నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది.

గణాంకాలు చదివేవారు:
నేనూ ఒకప్పుడు గడి తీసేయాలనే వాదించాను. తర్వాత అగాన్, స్టార్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం చదివాను. న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో కల్పిత పేర్లతో సుమారు 15,000 దరఖాస్తులు పంపారు. గడి ఉన్నప్పుడు ఆ కంపెనీల నుంచి తెల్లవారికి నల్లవారికన్నా 7 శాతం ఎక్కువ పిలుపులొస్తే, గడి తీసేశాక ఆ తేడా 43 శాతానికి పెరిగింది. అడిగే వీలు లేకపోయేసరికి పేరు చూసి ఊహించుకున్నారన్నమాట. ఏ తప్పూ చేయని నల్లజాతి యువకుడికి తన రికార్డు శుభ్రంగా ఉందని చూపించుకునే దారి మూసుకుపోయింది.

చర్చ మొదలుపెట్టినవారు:
ఆ అంకెలు కాదనను. కానీ మందు పక్కదారి పట్టిందని రోగం లేదనగలమా? అమెరికాలోని మిల్వాకీ నగరంలో చేసి, డెవా పేజర్ అనే పరిశోధకురాలు 2003లో ప్రచురించిన ప్రయోగంలో రికార్డు లేని తెల్ల యువకులకు 34 శాతం పిలుపులొస్తే, రికార్డున్నవాళ్లకి 17. నల్లవారిలో 14, 5. రికార్డు లేని నల్లవాడికి రికార్డున్న తెల్లవాడికన్నా తక్కువ పిలుపులు! గడి ఉన్న రోజుల్లోనూ ఊహలు ఆగలేదు. కాబట్టి గడి తీయడంతో పాటు వివక్ష చట్టాన్ని గట్టిగా అమలు చేయాలి. హెచ్.ఆర్. గారి భయానికి కూడా మందుంది. టెక్సస్ 2013లో ఒక చట్టం చేసింది. శిక్ష పడిన మనిషిని తీసుకున్నారన్న ఒక్క కారణంతో, కొన్ని తీవ్ర నేరాల విషయంలో తప్ప, యజమానిపై దావా నిలవదు.

హెచ్.ఆర్. విభాగంలో పనిచేసేవారు:
టెక్సస్ సంగతి నాకు కొత్త. అలాంటి రక్షణ రాసిచ్చాక గడి తీయమనండి, మా ఫారంలోంచి మొదట కొట్టేసేది నేనే. అది లేకుండా హద్దు మాత్రమే పెడితే ఒప్పుకోను. ఆ విద్యార్థి చెప్పిన రిపోర్టు నకలు విషయానికి మాత్రం ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేదు. మా దగ్గర ఇప్పటిదాకా ఇవ్వడం లేదు, ఇకమీదట ఇప్పిస్తాను.