అప్‌డేట్: మా అబ్బాయి అమ్మేసిన ఫోన్, రాని వేట నిషేధం డబ్బు

ఏప్రిల్ 15 నుంచి నిషేధం వల్ల సముద్రంలో చేపల వేట ఆగి ఇంట్లో బియ్యం నిండుకుంటే, మా అబ్బాయి విశాఖ ఆర్కే బీచ్‌లో దొరికిన ఫోన్ 3,000కి అమ్మి ఆ డబ్బు నా చేతిలో పెట్టాడని, సరుకులు తెచ్చాక నిద్ర పట్టట్లేదని రాశాను కదా. సలహా చెప్పిన అందరికీ థ్యాంక్స్.

సచివాలయంలో అడగమన్న మాటే పనిచేసింది. వేట లేని రోజులకి ప్రభుత్వం ఇచ్చే 'మత్స్యకార సేవలో' పథకం కింద రావాల్సిన 20,000 ఆగింది నా ఖాతాకి ఆధార్ లింక్ లేకే, బ్యాంకులో చేయించాక పడ్డాయి. బోటు కాగితాల కోసం హార్బర్ చుట్టూ తిరిగింది మాత్రం వృథా, నేను ఓనర్ని కాదు, బోటు మీద పనిచేసే కలాసీనే కదా.

ఆ డబ్బుతో ముందు ఆ ఫోన్ తిరిగి కొని, ఇద్దరం వెళ్లి స్టేషన్లో ఇచ్చేశాం. కేసు అవుతుందని భయపడ్డాం గానీ కాలేదు. "నువ్వు పస్తులుంటున్నావనే తెచ్చాను నాన్నా" అన్నాడు దారిలో. వాడిని తిట్టలేదు, ఆ అన్నం నేనూ తిన్నాను.