తాత పెట్టిన టెంట్ల క్యాంప్‌ని వైజాగ్ పార్టీకి లీజుకిస్తే ఆయన పేరు నిలుస్తుందా?

జోలాపుట్టు_గట్టు:
మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా నందపూర్ వైపు, జోలాపుట్టు రిజర్వాయర్ ఒడ్డున ఊరు. కొండదొర ఆదివాసీలం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కోసం డ్యామ్ కట్టినప్పుడు మా పాత ఊరు మునిగిపోయింది, తాత అప్పటికి చిన్న పిల్లాడు. పెద్దయ్యాక చేపలు పట్టాడు, పడవ నడిపాడు. అరకు నుంచి బైకుల మీద వచ్చిన కుర్రాళ్ళు చీకటి పడి ఆగిపోతే మా పెరట్లో పడుకోనిచ్చి చోడి (రాగి) అంబలి పోసేవాడు, వాళ్ళు మళ్ళీ వాళ్ళ స్నేహితుల్ని పంపేవారు, అలా అలా అది టెంట్ల క్యాంప్ అయింది.

ఎండాకాలం నీళ్ళు తగ్గితే పాత పొలం గట్లు, ఒక చింత మొద్దు బయటపడతాయి. వచ్చినవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళి, ఇదిగో మా గుమ్మం, అటు పశువుల సాల అని ఎండిన బురద మీద కర్రతో గీసి చూపించేవాడు.

తాత పోయాడు. ఇప్పుడు వైజాగ్ నుంచి ఒక పార్టీ వచ్చి, స్థలం లీజుకిస్తే గాజు గదులు కడతాం, మీ తాత పేరే పెడతాం, గేటు దగ్గర విల్లు పట్టుకున్న విగ్రహం, ప్రతి శనివారం థింసా డ్యాన్సు అంటున్నారు. మా తాత జన్మలో విల్లు పట్టలేదు, పట్టింది వల. చిన్నాన్న మాత్రం సంతకం పెట్టేద్దాం అంటున్నాడు, పిల్లల చదువులు ఉన్నాయి కాబట్టి ఆయన్నీ తప్పు పట్టలేను. నాయనమ్మ ఏమీ అనడం లేదు. ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

పార్వతీపురం_బుల్లెట్:
చెల్లీ, నేను అటు చాలాసార్లు వచ్చాను. నిజం చెప్పాలంటే మీ వైపు క్యాంపుల్లో బాత్రూములు ఘోరం, ఫ్యామిలీతో రావాలంటే ఆలోచించాలి. డబ్బు వస్తానంటే మొహం తిప్పుకోవడం ఎందుకు? విగ్రహం వద్దనండి, వల పట్టుకున్న ఫొటో పెట్టించండి, మిగతాది బేరం ఆడుకోండి.

రాయగడ_ప్లీడరు:
బేరం సంగతి తర్వాత, అసలు లీజు ఇవ్వగలరా అన్నది ముందు చూడాలి. కోరాపుట్ జిల్లా అంతా షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీలకి ప్రత్యేక రక్షణలున్న ప్రాంతం. ఆంధ్రాలో ఆదివాసీ భూములు కాపాడే 1/70 చట్టం ఉన్నట్టే ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. 2002 సవరణ తర్వాత ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్ళకి వెళ్ళకూడదు, ఆ చట్టం లెక్కలో అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. 2023 నవంబరులో అనుమతి తీసుకుని అమ్ముకోవచ్చని మార్చబోయి, గొడవయ్యేసరికి ప్రభుత్వం ఆపేసింది. కాబట్టి ఆ పార్టీ ఇచ్చే కాగితం స్టాంపు పేపరు మీద ఉన్నా చెల్లదు. ఇది వాళ్ళకి తెలియదనుకోకండి.

ఇంకోటి, మీది ఏ పట్టా? 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిందైతే అది వారసత్వంగా వస్తుంది గానీ ఎవరికీ బదిలీ చెయ్యడానికి లేదు. పైగా పెళ్ళయినవాళ్ళకి భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇవ్వాలి. అంటే పట్టాలో మీ నాయనమ్మ పేరు ఉండి తీరాలి, చిన్నాన్న ఒక్కడూ సంతకం పెట్టి చేసేదేం లేదు. టెంట్లు ప్రాజెక్టు భూమిలోకి జరిగి ఉంటే మాత్రం అది వేరే తలనొప్పి, ముందు కొలత వేయించండి.

లమ్తాపుట్_మాస్టారు:
ప్లీడరుగారు చెప్పింది బాగుంది. నాకు ఆ శనివారం థింసా దగ్గరే ఒళ్ళు మండింది. చైత్ర పరబ్ పండక్కి ఊరంతా ఆడేది వేరు, బిర్యానీ తింటూ ఫోన్లు పట్టుకున్నవాళ్ళ ముందు టైం ప్రకారం ఆడేది వేరు. ఆడేవాళ్ళకి డబ్బు ఇవ్వడం తప్పని అనను, ఎప్పుడు ఆడాలో వాళ్ళు చెప్పాలి అంటాను.

మా వైపు గదబ ఆదివాసీల ఊళ్ళలో పోయినవాళ్ళకి గొత్తర్ అనే కర్మ చేసి రాయి నిలబెడతారు. దాని మీద పేరూ ఉండదు, ఫొటో ఉండదు, అయినా అది ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. మీరు కొండదొరలు, మీ పద్ధతి వేరు, రాయి పెట్టమని చెప్పడం లేదు. నాయనమ్మని కూర్చోబెట్టి ఆ మునిగిన ఊళ్ళో ఏ ఇల్లు ఎవరిదో చెప్పించుకుని, కాగితం మీద గీసి, ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఈ ఎండాకాలమే చెయ్యండి, నీళ్ళు దిగినప్పుడు ఆవిడని అక్కడికి తీసుకెళ్ళండి. తర్వాత వచ్చినవాళ్ళకి మీరు చూపించవచ్చు, మీ తాత చేసిన పని అదే కదా.

తిండి సంగతి కూడా చూడండి. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ (ఆ ప్రాంతం పేరు మీద ఇచ్చే గుర్తింపు) వచ్చింది, ఇక్కడి కాఫీకి పేరుంది, చోళ్ళు మీ పొలంలోనే ఉన్నాయి. అవి వదిలేసి మీ క్యాంపుల్లో మ్యాగీ ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు.

జోలాపుట్టు_గట్టు:
బీరువాలోంచి పట్టా తీసి చూశాం. అటవీ హక్కుల పట్టానే, నాయనమ్మ పేరు ఉంది. చిన్నాన్న చదివి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ పార్టీకి ఆయనే ఫోన్ చేసి కుదరదని చెప్పేశాడు. నాయనమ్మని అడిగితే, "నాకు ఇప్పుడా చెప్పేది?" అని తిట్టింది. పాత ఊరి గీత మాత్రం మొదలుపెట్టించింది, పదకొండు ఇళ్ళ పేర్లు చెప్పింది, పన్నెండోది ఎవరిదో దగ్గర మా మేనత్తతో గొడవ నడుస్తోంది.

మ్యాగీ తీసెయ్యలేం మాస్టారూ, పిల్లలు ఏడుస్తారు. అంబలి పక్కన పెడతాం. బుల్లెట్ అన్నా, బాత్రూముల మాట నిజమే. నీటి అంచుకి దూరంగా గుంత తీసి రెండు పక్కా మరుగుదొడ్లు కట్టించాలనుకుంటున్నాం. సిమిలిగూడ, పాడువా వైపు ఈ పని బాగా చేసే మేస్త్రీ ఎవరైనా తెలిస్తే చెప్పండి.