కారు ఛార్జింగ్ స్టేటస్: కారుని అడగాలా, ఛార్జర్‌ని అడగాలా?

నిజాంపేట_ఈవీ:
హోమ్ అసిస్టెంట్‌లో (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నీ ఒకేచోట చూపించే సాఫ్ట్‌వేర్) కారు ఛార్జింగ్ స్టేటస్ కనిపించేలా పెట్టుకుందామనుకుంటున్నా. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ (వాల్‌బాక్స్) ఉంది, ఓసీపీపీ 1.6 (ఛార్జర్ సర్వర్‌తో మాట్లాడే ప్రోటోకాల్) సపోర్ట్ ఉందని మాన్యువల్‌లో రాశారు. కారు కంపెనీ క్లౌడ్ నుంచి తీసుకోవాలా, ఛార్జర్ నుంచా?

భీమవరం_సోలార్:
క్లౌడే అన్నా. మనకు కావాల్సింది బ్యాటరీ శాతం. ఇంట్లో పెట్టుకునే మామూలు టైప్ 2 ఏసీ ఛార్జర్‌కి ఆ శాతం తెలియదు. తెల్లవారుజామున విజయవాడ బయల్దేరేవాడికి ‘ఛార్జ్ అవుతోంది’ అని చూపిస్తే ఏం లాభం? 62 ఉందా, 95 ఉందా అన్నది కావాలి.

మధురవాడ_వైర్లు:
నేను ఒప్పుకోనండీ. మా కారు సెల్లార్‌లో ఉంటుంది, అక్కడ దాని సిమ్‌కి సిగ్నల్ అంతంతమాత్రం. ఒకరోజు రాత్రి 10కి ప్లగ్ పెట్టి, ఫోన్‌లో ‘ఛార్జింగ్’ అని చూసి పడుకున్నా. కాసేపటికే కింద ఎంసీబీ ట్రిప్ అయింది. తెల్లారి 5కి కూడా స్క్రీన్ మీద అదే ‘ఛార్జింగ్’. అమ్మను డయాలసిస్‌కి తీసుకెళ్లాలి, కార్లో చూస్తే 19 శాతం. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కేబుల్‌లో కంట్రోల్ పైలట్ అని ఒక తీగ ఉంటుంది. కారు లేకపోతే దాని మీద 12 వోల్టులు, ప్లగ్ పెడితే 9, కారు కరెంటు తీసుకోవడానికి సిద్ధమైతే 6. ఛార్జర్‌కి స్టేటస్ తెలిసేది ఇక్కడే, మధ్యలో ఏ సర్వరూ లేదు. ఓసీపీపీలో ఆగిపోవడం కూడా రెండు రకాలు: ‘సస్పెండెడ్ ఈవీ’ అంటే కారే తీసుకోవట్లేదు, ‘సస్పెండెడ్ ఈవీఎస్ఈ’ అంటే ఛార్జరే ఇవ్వట్లేదు. అర్ధరాత్రి కిందికి దిగాలా వద్దా అన్నది ఈ ఒక్క తేడాతో తేలిపోతుంది. ఇప్పుడు ఛార్జర్‌కి ల్యాన్ వైరు లాగి, కనెక్షన్ పోతే ఫోన్ మోగేలా పెట్టుకున్నా.

ఇంకోటి, క్లౌడ్ దారి మన చేతిలో ఉండదు. 2023 అక్టోబరులో, మాజ్డా కార్లను హోమ్ అసిస్టెంట్‌కి కలిపే ఇంటిగ్రేషన్ రాసిన డెవలపర్‌కి ఆ కార్ల కంపెనీ లీగల్ నోటీసు పంపింది, హోమ్ అసిస్టెంట్‌లోంచి దాన్ని తీసేయాల్సి వచ్చింది.

భీమవరం_సోలార్:
మాజ్డా సంగతి కాదనను. కానీ శాతం? ఛార్జర్ 12 యూనిట్లు ఎక్కించానంటుంది. మొదట ఎంతుందో తెలియకుండా ఏం లెక్క కడతాం? అందులో కొంత వేడిగా పోతుంది కూడా.

మధురవాడ_వైర్లు:
ప్లగ్ పెట్టినప్పుడు ఒక్కసారి క్లౌడ్‌ని అడగండి, తర్వాత యూనిట్లతో లెక్క కట్టండి. ఐదు నిమిషాలకోసారి అడుగుతుంటే కొన్ని కార్లు నిద్రలేస్తూనే ఉంటాయి, 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. అలా లెక్కగట్టిన శాతం పక్కన ‘సుమారు’ అని తప్పకుండా రాయండి. ఇంట్లోవాళ్లు ఆ అంకెను నమ్మే తాళాలు తీసుకుంటారు.

భీమవరం_సోలార్:
సుమారుతో నేను హైవే ఎక్కను. బయల్దేరే గంట ముందు ఇంకోసారి కారుని అడిగేలా పెడితే ఒప్పుకుంటా.

నిజాంపేట_ఈవీ:
మాదీ సెల్లారే. ఛార్జర్ మెనూలో సర్వర్ అడ్రస్ అడుగుతోంది. ముందు ల్యాన్ వైరు లాగించి, ఆదివారం పెట్టి చూస్తా.