చంటిపిల్లలతో ఇంట్లో క్రిస్మస్: స్టార్, పశువుల పాక, కేకు, ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
అందరికీ వందనాలు. మాకు నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. ఉండేది రెండో అంతస్తు ఫ్లాటులో. పెద్దవాళ్లు ఈసారి రావట్లేదు కాబట్టి పనంతా మా ఇద్దరిదే. స్టార్ కొనకుండా ఇంట్లోనే కట్టాలని ఉంది. ఓవెన్ లేదు, అయినా కేకు చెయ్యాలి. బాబు పాకుతున్నాడు, చేతికందింది నోట్లో పెట్టుకుంటాడు. ఇంకొక సంగతి, మాది ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్), మావారిది లూథరన్ (ప్రొటెస్టెంట్). నాలుగు ఆదివారాలు కొవ్వొత్తులు వెలిగిద్దామంటే అత్తగారు ఫోన్‌లోనే "అది మీ ఆర్‌సీఎం వాళ్ల పద్ధతి కదమ్మా" అన్నారు. ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు (గుణదల, విజయవాడ):
ముందు అత్తగారి సంగతి తేల్చేద్దాం. ఆగమన కాలపు, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కొవ్వొత్తుల చక్రం మొదలైంది లూథరన్ల దగ్గరే. 1839లో జర్మనీలోని హాంబర్గులో విహెర్న్ అనే లూథరన్ పాస్టరు, తాను నడిపే పిల్లల ఆశ్రమంలో "పండగ ఇంకా ఎన్ని రోజులు" అని రోజూ అడిగే పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టించాడు. కేథలిక్కులు ఆ తర్వాత అందిపుచ్చుకున్నారు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టింది 1842లో, అంటే దీనికి మూడేళ్ల తర్వాత. పశువుల పాక మాత్రం మీ వైపుదే. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి, ఎద్దు, గాడిదతో కట్టించాడు. రెండూ పెట్టుకోండి, లెక్క సరిపోతుంది.

చక్రానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. స్టీలు పళ్లెంలో రెండు అంగుళాల మందాన తడి ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు గుచ్చండి. ఆర్‌సీఎం వాడుకలో మూడు ఊదా, ఒకటి గులాబీ. గులాబీది మూడో ఆదివారానికి. మొదటి ఆదివారం ఏటా నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్యలో వస్తుంది. వారానికి ఒకటి చొప్పున పెంచుకుంటూ పోవాలి. అందుకే మొదట వెలిగించింది చివరికి పొట్టిగా మిగులుతుంది, అది తప్పు కాదు. వెలిగించేది పెద్దవాళ్లు, ఊదేది పాప. ఐదు నిమిషాలు చాలు. ఎదురుగా ఫ్యాను తిరుగుతుంటే మైనం ఒకవైపే కారి కొవ్వొత్తి ఒరుగుతుంది. ఆ కాసేపు ఫ్యాను ఆపెయ్యండి.

జవాబు (కొత్తపేట, గుంటూరు):
స్టార్ సంగతి నేను చెప్తాను. రెండడుగుల స్టార్‌కి 24 అంగుళాల వెదురు బద్దలు పది కావాలి, అరంగుళం వెడల్పు. ఎండిన బద్దయితే ముందు రోజు రాత్రి నీళ్లలో నానేయండి, లేకపోతే వంచేటప్పుడు ఫట్‌మని విరుగుతుంది. ప్రతి బద్ద మీద రెండు చివరల నుంచీ 9.2 అంగుళాల దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. మధ్యలో మిగిలేది 5.6 అంగుళాలు. ఐదు బద్దల్నీ, పెన్సిలు ఎత్తకుండా గీసే ఐదు కొమ్ముల చుక్కలా పేర్చి, గీత మీద గీత పడేలా కడితే స్టార్ దానంతటదే సమానంగా వస్తుంది. కంటి కొలతతో కడితే ఒక కొమ్ము పొడుగు, ఒక కొమ్ము పొట్టి అవుతుంది. ఈ పనిలో మొదటిసారి అందరూ పాడుచేసేది ఇక్కడే. కట్టడానికి నూలు దారం మేలు. నైలాన్ దారమైతే ముడి జారుతుంది.

ఇలాంటి చట్రాలు రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొమ్ముల చివరలూ కలిపి కట్టేయండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా, రెండు చట్రాల మధ్య ఐదు అంగుళాల పుల్ల నిలబెట్టి కట్టాలి. అప్పుడు ఉబ్బు వస్తుంది. కాగితం మొత్తం ఒకేసారి కప్పకండి, ఉబ్బు మీద ముడతలు పడుతుంది. ఏ కొమ్ముకి ఆ కొమ్ము విడిగా, చుట్టూ అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించి మైదా ఉడికించిన జిగురుతో అంటించండి. ముందు ఐదు, వెనక ఐదు, నడిమి పలకలు రెండు. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు గానీ, ముందు బద్దకీ వెనక బద్దకీ మధ్య సన్నటి పక్కలు పది ఉంటాయి. వాటిలో తొమ్మిది మూసి, పైవైపు ఒకటి వదిలేయండి. బల్బు దించేది అందులోంచే, లోపలి వేడి పోయేదీ అందులోంచే.

బల్బు ఎల్‌ఈడీదే, ఐదు వాట్లు దాటొద్దు. పాత ఫిలమెంటు బల్బు పెడితే కాగితం మాడుతుంది, అంటుకోనూవచ్చు. స్టార్ బరువు వైరు మీద వెయ్యకూడదు. నైలాన్ తాడుతో బాల్కనీ హుక్కుకి కట్టి, వైరుని వదులుగా పక్కన వేలాడదీయండి. ఆ వైరు హోల్డరుకి చేరేముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు మంచు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. డిసెంబరులో వాన మనకి కొత్త కాదు. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. బాల్కనీకి పైకప్పు లేకపోతే మామూలు రంగు కాగితం రెండు రాత్రులకే జారిపోతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం తీసుకోండి. దానికి మైదా పట్టదు, ఫెవికాల్ కూడా సరిగా పట్టదు. రెండువైపులా అంటుకునే టేపు వాడాలి.

జవాబు (పటమట, విజయవాడ):
పాకే బాబు ఉన్నాడన్నారు కాబట్టి, అన్నిటికంటే ముందు పారెయ్యాల్సింది బ్యాటరీ కొవ్వొత్తులు. అగ్గి భయం లేదని అందరూ అవే కొంటున్నారు. చాలావాటి అడుగున బిళ్ల బ్యాటరీ ఉంటుంది, మూత గోరుతో తీసినా ఊడుతుంది. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. స్క్రూతో బిగించిన మూత ఉన్నవైతేనే ఇంట్లోకి రానివ్వండి.

చెట్టుకి కొందరు సరుగుడు కొమ్మ తెస్తారు. అందంగానే ఉంటుంది, కానీ వారంలో ఎండి నేలంతా రాలుతుంది. రాలింది బాబు నోట్లోకి పోతుంది. ఎండిన కొమ్మకి సీరియల్ లైట్లు చుట్టడం అసలే మంచిది కాదు. మీకు మూడు, నాలుగు అడుగుల ప్లాస్టిక్ చెట్టు చాలు. బల్ల మీద పెట్టి, నడిమి కాడని కిటికీ ఊచకి తాడుతో కట్టేయండి. గాజు బంతులు వద్దు. వేలాడదీసే ప్రతి వస్తువునీ టిష్యూ రోలు గొట్టంలోంచి జార్చి చూడండి. జారిపోతే అది బాబు గొంతుకి అడ్డం పడే సైజు, పై కొమ్మకి కూడా కట్టొద్దు. గాలిపోయిన బెలూన్ ముక్కలకీ ఇదే జాగ్రత్త.

జవాబు (గుణదల, విజయవాడ):
పాక కూడా బల్ల మీదే పెట్టండి. అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి, పైన గోనెసంచి ముక్క కప్పితే సరిపోతుంది. థర్మోకోల్ పొడి పిల్లల నోట్లోకి పోతుంది, అది వద్దు. ఈ రోజుల్లో కోతలు కాబట్టి ఊరి నుంచి వచ్చేవాళ్లు గుప్పెడు వరిగడ్డి తెస్తారు. ఒక పూట ఎండలో వేసి దులిపితే పురుగూ దుమ్మూ పోతాయి. గడ్డి దగ్గర కొవ్వొత్తి పెట్టకండి, లైట్లు కూడా పెట్టె వెనకనుంచే.

పాపకి పని కావాలంటే, పాకలో బాలయేసుని పడుకోబెట్టే తొట్టి ఖాళీగా ఉంచండి. తమ్ముడికి బొమ్మ ఇచ్చినా, చెప్పగానే అన్నం తిన్నా ఒక గడ్డిపోచ తొట్టిలో వేసుకోమనండి. బాలయేసుని 24 రాత్రి దాకా పెట్టరు. జ్ఞానుల్ని మొదటి రోజే పాకలో నిలబెట్టేస్తారు గానీ, మత్తయి సువార్తలో వాళ్లు వచ్చింది ఇంటికి. ఎంతమందో కూడా అందులో లేదు. వాళ్లని బెడ్‌రూమ్ కిటికీలో మొదలుపెట్టి రోజుకో అడుగు జరుపుతూ జనవరి 6కి చేర్చండి. నాలుగేళ్ల పిల్లకి చెట్టు కంటే ఇదే ఎక్కువ సరదా.

మళ్లీ ప్రశ్న (బ్రాడీపేట):
ఎంత సాయం చేశారండీ. కేకు మాట ఎవరూ చెప్పలేదు. రమ్ము ఇంట్లోకి రాదు. పిండివంటలు కూడా మొత్తం నేనొక్కదాన్నే చెయ్యాలి. కేరల్స్ వాళ్లు, అదే ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చే చర్చి వాళ్లు, రాత్రి ఒంటిగంటకి వస్తే బాబు లేచి ఇక పడుకోడు, దానికేమైనా దారుందా?

జవాబు (మొగల్రాజపురం, విజయవాడ):
ఐదు లీటర్ల కుక్కరుంటే కేకు అయిపోయినట్టే. నల్ల కిస్‌మిస్, సన్నగా తరిగిన ఖర్జూరం, టూటీ ఫ్రూటీ కలిపి 250 గ్రాములు. రమ్ములో అయితే నెలలు నిలవుంటాయి, కమలారసంలో ఉండవు. బయట పెడితే పులుస్తాయి. 100 మి.లీ. రసంలో ఐదు నిమిషాలు సన్నసెగన ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజుల్లో వాడెయ్యాలి.

రంగు కోసం 100 గ్రాముల చక్కెర అడుగు మందంగా ఉన్న గిన్నెలో కరిగించి, ముదురు కాఫీ రంగు రాగానే పొయ్యి ఆపి, 80 మి.లీ. వేడినీళ్లు దూరంగా నిలబడి పొయ్యండి. ఎగజిమ్ముతుంది, పిల్లలు వంటింట్లో ఉండకూడదు. ఈ పాకం పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా పోస్తే వెన్న కరిగి పిండి విరిగినట్టవుతుంది. వెన్న 150 గ్రాములు, చక్కెర పొడి 150 తెల్లగా నురగొచ్చేదాకా గిలక్కొట్టి, గుడ్లు మూడు ఒక్కొక్కటిగా, తర్వాత పాకం. మైదా 200 గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక చెంచా, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడి కలిపి ఒక చెంచా, అన్నీ జల్లించి కలపండి. పళ్లు పిండేసి, ఒక చెంచా మైదా చల్లి చివర్లో వెయ్యండి. తడితో వేస్తే అడుగుకి దిగిపోతాయి.

కుక్కరు గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలి. నీళ్లు పొయ్యరు. అడుగున అంగుళం మందాన కల్లుప్పు, దాని మీద స్టాండు. పది నిమిషాలు మధ్యసెగన కాచి, ఏడంగుళాల గిన్నె దించండి. గిన్నెకీ కుక్కరు గోడకీ మధ్య వేలు దూరే సందు ఉండాలి. ఆ తర్వాత చిన్న బర్నరు మీద సన్నసెగన 60 నుంచి 70 నిమిషాలు. 45 నిమిషాల లోపు మూత తీస్తే నడుమ కుంగిపోతుంది. పైన పగిలిందంటే సెగ ఎక్కువైనట్టు. పాత కుక్కరే వాడండి, ఇలా ఒట్టిగా కాచితే అడుగు రంగు మారుతుంది. ఆ ఉప్పు మళ్లీ వంటకి పనికిరాదు, సీసాలో దాచుకుని వచ్చే కేకుకి వాడుకోవచ్చు.

పాపకి జీడిపప్పు, బాదం గింజ గింజలుగా ఇవ్వకండి, పొడి చేసి కలపండి. బాబుకి కేకు వద్దు, మెత్తగా నలిపిన అరటిపండు పెట్టండి. ఏడాది నిండేదాకా తేనె నాకించడం కూడా కూడదు, ఎవరు ఎంత చెప్పినా సరే.

జవాబు (కొత్తపేట, గుంటూరు):
పిండివంటల్లో ఈ ఏడాది ఒకటే చెయ్యండి. అరిసెలు తడిపిండితో పని, పాకం లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి, ముదిరితే రాళ్లవుతాయి. చంటిబిడ్డని చూసుకుంటూ పాకం పట్టలేరు. అవి కొనేసుకోండి. గవ్వలయితే పాప కూడా బల్ల మీద నొక్కి చుట్టగలదు, వేయించేటప్పుడు మాత్రం బయటికి పంపండి.

జవాబు (పటమట, విజయవాడ):
కేరల్స్ వీధుల వరస పండగకి వారం పది రోజుల ముందే వేసేస్తారు. చర్చి యూత్ పెద్దకి ఇప్పుడే ఫోన్ చేసి "చంటిబిడ్డ ఉన్నాడు, మా ఇంటితో మొదలుపెట్టండి" అని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. డ్రమ్ము గుమ్మం బయటే ఉంచమనండి, పాట, ప్రార్థన లోపల. క్రిస్మస్ తాత ముసుగు చూసి నాలుగేళ్ల పిల్లలు జడుసుకుంటారు. ముందు ముసుగు తీసి ముఖం చూపించి, పాప ఎదుటే తగిలించుకోమని చెప్పండి. కానుక కవరు, ఇరవై కప్పులు, బిస్కెట్లు తలుపు పక్కనే సర్దిపెట్టుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది.

24 రాత్రి ఆరాధనకి ఒకరు వెళ్లి, 25 ఉదయం అందరూ వెళ్లడం తేలిక. వెళ్లేముందు ఇంట్లో లూకా రెండో అధ్యాయం 20 వచనాల వరకూ చదవండి. పొత్తిగుడ్డలంటే ఏమిటని పాప అడుగుతుంది. తమ్ముడి పాత నూలు గుడ్డ ఒకటి ఇచ్చి బొమ్మని చుట్టించి తొట్టిలో పెట్టించండి. కొత్త గౌనుని ముందే ఒకసారి ఉతకండి, మెడ దగ్గర జరీ గుచ్చుకోకుండా లోపల నూలు బనియన్ వెయ్యండి. చర్చిలో అందరి చేతిలో కొవ్వొత్తులుంటాయి, నైలాన్ కుచ్చుల గౌను ఆ రాత్రికి మాత్రం వద్దు.

జవాబు (కొత్తపేట, గుంటూరు):
మరిచిపోయాను, జనవరి 6 తర్వాత స్టార్ దించాక కాగితం చింపేసి, లోపలి ఐదు పుల్లలూ విప్పెయ్యండి. చట్రాలు రెండూ ఒకదాని మీద ఒకటి చదునుగా పడతాయి, మంచం కింద పెట్టుకోవచ్చు. బద్దల చివర్లకి వేపనూనె రాస్తే పురుగు పట్టదు.