ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు కౌంటీకి వచ్చాక లెక్క ఎవరడుగుతారు? (నార్త్ కరోలినా)

కేరీ కాపురం:

అందరికీ నమస్తే. నార్త్ కరోలినాకి వచ్చి పదకొండేళ్లయింది, ఇన్నేళ్లలో కౌంటీ మీటింగ్ మొహం చూసింది లేదు. మొన్న ప్రాపర్టీ టాక్స్ గురించి ఏదో వెతుకుతూ మా కౌంటీ అజెండా తెరిస్తే అందులో ఓపియాయిడ్ (నొప్పికి వాడే, వ్యసనంగా మారే మందులు) సెటిల్‌మెంట్ నిధులని ఒక ఐటమ్ కనిపించింది. అదీ చర్చ లేకుండా ఒకేసారి ఓకే చేసేసే లిస్టులో, పార్కు బెంచీల కొనుగోలుకీ ఎవరిదో రిటైర్మెంట్ అభినందనకీ మధ్యలో.

అసలు ఈ డబ్బు రాష్ట్రానిదా, కౌంటీదా? ఎవరు పంచుతారు, ఎవరు చూస్తారు? షెరీఫ్ (కౌంటీ పోలీసు) ఆఫీసుకి కొత్త కార్లు కొనేసి మత్తు నివారణ అని రాసేసుకోవచ్చా? మా వీధి చివరింటి అబ్బాయి ఫెంటనిల్ అనే ఓపియాయిడ్‌తో పోయి రెండేళ్లయింది, ఇరవై రెండేళ్లవాడు. వాళ్ల గరాజ్ తలుపు తెరిచినప్పుడల్లా గోడకి వేలాడుతున్న వాడి సైకిల్ కనిపిస్తుంది. అందుకే అడుగుతున్నా, ఊరికే కాదు.

ఆడిట్ బాబాయ్:

లోకల్ గవర్నమెంట్ ఆడిట్లు చేస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా, కాస్త పొడుగవుతుంది.

మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బర్గెన్ అనే మూడు మందుల డిస్ట్రిబ్యూటర్లు, వాటితో పాటు జాన్సన్ అండ్ జాన్సన్, ఓపియాయిడ్ వ్యసనం పెరగడానికి మీరే కారణమని రాష్ట్రాలూ కౌంటీలూ వేసిన దావాల్లో దేశం మొత్తానికి కలిపి 26 బిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. డిస్ట్రిబ్యూటర్ల డబ్బు 18 ఏళ్ల వాయిదాల్లో వస్తుంది. తర్వాత సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ లాంటివాళ్లు కూడా కట్టడానికి ఒప్పుకున్నారు. అంతా కలిపి మన రాష్ట్రానికి 2038 దాకా సుమారు 1.5 బిలియన్ అని లెక్క.

పంపకం రాష్ట్రానికీ కౌంటీలకీ మధ్య ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం జరుగుతుంది. అసలు కీలకం అక్కడే ఉంది. రాష్ట్రానికి 15 శాతమే, అది శాసనసభ కేటాయిస్తుంది. 80 శాతం నేరుగా స్థానిక ప్రభుత్వాలకి, ఇంకో 5 శాతం కౌంటీలకి ప్రోత్సాహకంగా. 100 కౌంటీలూ, 17 మున్సిపాలిటీలూ ఇందులో ఉన్నాయి. ఏ కౌంటీకి ఎంతనేది జనాభాని బట్టి కాదు, అక్కడికి ఎన్ని మాత్రలు వచ్చి పడ్డాయి, ఎంతమంది చనిపోయారు, ఎంతమంది వ్యసనంలో ఉన్నారు అన్న లెక్కల మీద ఆధారపడ్డ ఫార్ములా.

కాబట్టి రాష్ట్ర రాజధాని రాలీలో కూర్చున్న ఏ పెద్దమనిషో మీ డబ్బు నొక్కేశాడనుకోకండి, నిర్ణయం మీ కౌంటీ కమిషనర్లదే.

ఇక కార్ల సంగతి. ఖర్చుకి రెండు దారులున్నాయి. ఆప్షన్ ఏ అంటే 12 పనుల జాబితా: చికిత్స, రికవరీ హౌసింగ్ (కోలుకుంటున్నవాళ్లకి వసతి), నాలోక్సోన్ (ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు) పంచడం, సిరంజి సర్వీసులు (శుభ్రమైన సిరంజిలు ఇవ్వడం లాంటివి), జైల్లో ఉన్నవాళ్లకి మందులతో చికిత్స, విడుదలయ్యాక చేయూత, ఇలాంటివి. ఇంకా విశాలమైన జాబితా కావాలంటే ఆప్షన్ బి, కానీ దానికి ముందు సంబంధం ఉన్న అందరినీ కూర్చోబెట్టి ప్రణాళిక వేసి, ఆ సిఫార్సుల రిపోర్టు కమిషనర్ల బోర్డు ముందు పెట్టాలి. ఏ దారైనా సరే డబ్బు విడి ఖాతాలో ఉండాలి, జనరల్ ఫండ్‌లో (కౌంటీ మామూలు ఖర్చుల ఖాతాలో) కలపకూడదు. ఏ పనికి, ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని తీర్మానంలో రాయాలి. మీరు చూసిన ఐటమ్ బహుశా అదే. షెరీఫ్ కార్లు ఆ 12లో ఎక్కడా లేవు.

కౌంటర్ వెనకాల:

ఫార్మసిస్టుని. నేను చూసేది వేరే వైపు నుంచి. 2023లో నాలోక్సోన్ స్ప్రే ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చినప్పుడు అబ్బా ఇక బాధ తీరిందనుకున్నాం. పెట్టెలో రెండు డోసులుంటాయి, 4 మిల్లీగ్రాములవి. షెల్ఫ్ దగ్గర ఒకావిడ ఆ పెట్టె చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్లీ సరిగ్గా ఉన్నచోటే లేబుల్ ముందుకొచ్చేలా సర్ది వెళ్లిపోయింది. ఎవరికోసమని అడగలేదు, అడగను కూడా. సెటిల్‌మెంట్ డబ్బుతో కొన్నవి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లో ఉచితంగా దొరికే చోట్లున్నాయి, కానీ ఆవిడకి ఆ సంగతి చెప్పేదెవరు? ఖర్చు పెట్టారా లేదా అన్నది రిపోర్టులో తెలుస్తుంది, అవసరం ఉన్న ఇంటికి చేరిందా అన్నది తెలియదు.

డబ్లిన్ డాడీ (ఒహాయో):

మా దగ్గర పద్ధతే వేరు. 55 శాతం వన్‌ఒహాయో రికవరీ ఫౌండేషన్ అనే ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థకి, 30 శాతం స్థానిక ప్రభుత్వాలకి, 15 శాతం రాష్ట్రానికి. ప్రజల డబ్బు ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టి రికార్డులు చూపించమంటే మాకు ప్రజా రికార్డుల చట్టం వర్తించదన్నారు. 2023లో రాష్ట్ర సుప్రీం కోర్టు వర్తిస్తుందని చెప్పాల్సి వచ్చింది. మీకు కనీసం అజెండా దొరికింది బ్రదర్, సంతోషించండి.

పొగాకు పాఠం:

నన్ను అపశకునపు పక్షి అనుకున్నా పర్లేదు. 1998లో సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలకి మొదటి 25 ఏళ్లలో 206 బిలియన్లు ఇస్తామన్నాయి. ఎలా ఖర్చు పెట్టాలో షరతు లేదు, చాలా రాష్ట్రాలు బడ్జెట్ లోటు పూడ్చుకున్నాయి. మన నార్త్ కరోలినానే చూడండి, వాటాలో సగం గోల్డెన్ లీఫ్ ఫౌండేషన్‌కి వెళ్లింది, పొగాకు మీద బతికే ఊళ్ల ఆర్థికాభివృద్ధి కోసమని. ఊళ్లకి మేలు జరిగి ఉండొచ్చు, కాదనను, కానీ సిగరెట్ మాన్పించడానికి వచ్చిన డబ్బు కాదా అది? ఇప్పుడూ అదే కథ.

ఆడిట్ బాబాయ్:

అదే కథ కాదండీ. ఆ దెబ్బ తిన్నారు కాబట్టే ఈసారి దేశవ్యాప్త ఒప్పందంలో కనీసం 85 శాతం ఓపియాయిడ్ సమస్య మీదే పెట్టాలని రాశారు. మన దగ్గర జాబితాలో లేనిదానికి పెడితే కౌంటీ సరిదిద్దుకోవాలి, లేదంటే తర్వాతి వాయిదాల్లో కోత పడుతుంది.

నాకున్న భయం వేరే. ఇదివరకు కౌంటీ తన సొంత డబ్బుతో జైల్లో ఒక కౌన్సెలర్‌ని పెట్టుకుంది అనుకోండి. ఇప్పుడు ఆ జీతం సెటిల్‌మెంట్ ఖాతాలోంచి ఇచ్చి, మిగిలిన సొంత డబ్బు రోడ్లకి మళ్లించింది. జాబితా ప్రకారం అంతా కరెక్టే, నా ఆడిట్‌లో కూడా తప్పు పట్టలేను, కానీ చికిత్సకి కొత్తగా ఒక్క డాలరు చేరలేదు. చాలా రాష్ట్రాల్లో దీనికి స్పష్టమైన అడ్డు లేదు. కనిపెట్టాలంటే నిరుటి బడ్జెట్, ఈసారి బడ్జెట్ పక్కపక్కన పెట్టుకుని చూడాలి, అంత ఓపిక ఎవరికి?

కేరీ కాపురం:

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చున్నా. తీర్మానం దొరికింది, పేజీన్నర, ఆప్షన్ ఏ, రికవరీ సపోర్ట్, తేదీలు, మొత్తం అన్నీ ఉన్నాయి. కోర్ ఎన్‌సీ అనే, ఈ నిధుల లెక్కలు పెట్టే వెబ్‌సైట్ డ్యాష్‌బోర్డులో కౌంటీ పేరు మీద నొక్కితే రిపోర్టు కూడా వచ్చింది. కార్లు లేవు, ఒప్పుకుంటున్నా. కానీ రికవరీ సపోర్ట్ కింద ఇద్దరు ఉద్యోగుల జీతాలున్నాయి, వాటిలో ఒక పోస్టు పేరు రెండేళ్ల కిందటి బడ్జెట్‌లో జనరల్ ఫండ్ కింద అక్షరం మారకుండా కనిపించింది. మీరన్న కేసు ఇదేనా, లేక ఆ పాత గ్రాంటేదో అయిపోయి ఇలా మార్చారా, నాకు తెలియట్లేదు.

వచ్చే సోమవారం మీటింగ్ ఉంది. మాట్లాడాలంటే ముందు పేరు రాయించుకోవాలి, మూడు నిమిషాలే ఇస్తారట. మా ఆవిడ అప్పుడే నా ఇంగ్లిష్ మీద జోకులు మొదలెట్టింది. ఆ రెండు బడ్జెట్ పేజీలు ప్రింట్ తీసుకెళ్లి ఇదొక్కటే అడుగుతా. ఏమన్నారో మంగళవారం ఇక్కడే రాస్తాను.

కౌంటర్ వెనకాల:

వీలైతే నా తరఫున ఇంకోటి అడగండి, ఉచిత స్ప్రే ఎక్కడ దొరుకుతుందో రాసిన కాగితం ఫార్మసీ కౌంటర్లకి ఎందుకు పంపరని. మూడు నిమిషాల్లో పది సెకన్లు చాలు.